పాపకి జడ వేయడం ఆమె ఎందుకు నేర్పిస్తోంది?

ప్రశ్న: నాకు 35 ఏళ్లు, నా భార్యకు 31. మా మేనమామ కూతురే. మాది ఖమ్మం దగ్గర ఊరు, ఉద్యోగం హైదరాబాద్‌లో. పాపకి అయిదేళ్లు. రెండేళ్ల కిందట నా భార్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాయి, తగ్గిందన్నారు. నాలుగు నెలల కిందట నడుం నొప్పి అంటే స్కాన్ తీశారు. ఎముకలకు, లివర్‌కు పాకిందని, ఇక పూర్తిగా నయం కాదు, అదుపులో పెట్టడమేనని డాక్టర్ నాకొక్కడికే చెప్పారు. తనకు చెప్పొద్దని మా అత్త, మా అమ్మ ఒట్టు వేయించుకున్నారు. ఎముకలు అరిగాయని, క్యాన్సర్ మళ్లీ రాకుండా ముందుజాగ్రత్తగా కీమో ఇస్తున్నారని చెప్తున్నాం. రాత్రిళ్లు ‘బావా, నిజం చెప్పు’ అంటుంది. ‘ఏం లేదు, పడుకో’ అని బాల్కనీలోకి వెళ్లిపోతాను. నొప్పి మాత్రలు పనిచేయడం లేదు. డాక్టర్ మార్ఫిన్ రాస్తే, అది ఆఖర్లో ఇచ్చే మందు, అలవాటైపోతుంది అని అత్త వద్దంది. ఒక నాటు వైద్యుడు కీమో ఆపేస్తే లక్షన్నరలో పూర్తిగా తగ్గిస్తానంటున్నాడు, అత్త అటే మొగ్గుతోంది. నేను కదిలితే తనకు నొప్పి పుడుతుందని హాల్లో చాప వేసుకుని పడుకుంటున్నాను. ఈ మధ్య పాపకి జడ వేయడం నేర్చుకోమని వెంటపడి, రోజూ పొద్దున్నే కూర్చోబెట్టి నేర్పిస్తోంది. ఆఫీసు, ఆసుపత్రి, ఇల్లు, అప్పులు... ఒక్కోసారి ఇదంతా ఎప్పుడు అయిపోతుందా అనిపిస్తోంది. అలా అనుకున్నందుకు నామీద నాకే అసహ్యం వేస్తోంది. తనకు చెప్పాలా, వద్దా? నేను ఎలా అండగా ఉండాలి?
(పేరు రాయొద్దన్న పాఠకుడు)

సమాధానం:

బాబూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే చోట ఆగిపోయాను. పాపకి జడ వేయడం నేర్చుకోమని మీ భార్య వెంటపడుతోందని రాశారు. రాసిన వెంటనే ఆఫీసు, అప్పుల సంగతిలోకి వెళ్లిపోయారు. ఎముకలు కాస్త అరిగాయంతే, నాలుగు నెలల్లో లేచి తిరుగుతాను అని నమ్మే మనిషి, మొగుణ్ణి రోజూ పొద్దున్నే కూర్చోబెట్టి మూడు పాయలు ఎలా తీయాలో నేర్పిస్తుందా? ఆమెకు తెలుసు బాబూ. స్కాన్‌లో రాసిన మాటలు తెలియకపోవచ్చు గానీ, తన ఒంట్లో ఏం జరుగుతోందో తెలుసు. మీరు నోరు విప్పడం లేదు కాబట్టి తనూ విప్పలేక, ఆ మాట జడతో చెప్తోంది.

అందుకే చెప్పాలా వద్దా అన్న ప్రశ్న నాకు పెద్దగా కనబడడం లేదు. తెలిసిన సంగతితో ఆమె రాత్రంతా ఒక్కతే పడుకుని ఉంది, మీరు బాల్కనీలో ఒక్కరే నిలబడి ఉన్నారు. ముందు ఆ గోడ తీసేయాలి.

ఇది పుస్తకాలు చదివి చెప్పడం లేదు. ఇరవై ఏళ్ల కిందట మా ఆయనకు కడుపులో క్యాన్సర్ వచ్చింది, అప్పుడాయనకు 38. డాక్టరు నన్నొక్కదాన్నే వరండాలోకి పిలిచి చెప్పారు. ఆ రిపోర్టుల ఫైలు తెచ్చి వంటింట్లో బియ్యం డబ్బాలో అడుక్కి తోసి దాచాను. ఆయన వంటింట్లోకి వచ్చే మనిషి కాదు. అల్సర్ అని చెప్పాను. రెండు నెలలు అలాగే నడిచింది. ఒక రాత్రి రాగిజావ గ్లాసు చేతికిచ్చి లేవబోతుంటే, ఆయన గ్లాసు పక్కన పెట్టి, మంచినీళ్లు అడిగినంత మామూలుగా, “ఆ బియ్యం డబ్బాలో ఫైలు పట్రా, ఇద్దరం కలిసి చదువుకుందాం” అన్నారు. ఎప్పుడు చూశారని అడిగితే, మొదటి వారంలోనే అన్నారు. నేను తట్టుకోలేనని ఆయన, ఆయన తట్టుకోలేరని నేను. ఫైలు తెచ్చి మంచం మీద విప్పితే కాగితాల మడతల్లోంచి బియ్యం గింజలు దుప్పటి మీద రాలాయి. ఆయన మాట్లాడుతూనే వాటిని ఒక్కొక్కటీ ఏరి నా చేతిలో పెట్టారు. ఆ తర్వాత మాకు మిగిలింది అయిదు నెలలు. ఆ అయిదు నెలల్లో మాట్లాడుకున్న మాటలతోనే నేను పిల్లల్ని పెంచాను. దాచి పోగొట్టుకున్న రెండు నెలలు మాత్రం ఇప్పటికీ గుచ్చుకుంటాయి.

ఎలా చెప్పాలంటే, ముందు చెప్పకండి, అడగండి. నొప్పి కాస్త సర్దుకున్న వేళ, పాప స్కూల్‌కి వెళ్లాక, టీవీ కట్టేసి పక్కన కూర్చోండి. “నువ్వు రోజూ నిజం చెప్పమంటున్నావు. నేను తప్పించుకుంటున్నాను. నీకేమనిపిస్తోందో ముందు నువ్వు చెప్పు” అనండి. ఆమె ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకే వెళ్లండి. “మళ్లీ వచ్చిందా?” అంటే “అవును, వచ్చింది” అనండి. “తగ్గుతుందా?” అంటే “పూర్తిగా పోదన్నారు, అదుపులో పెట్టడానికే మందులు ఇస్తున్నారు” అనండి. ఎన్నాళ్లు అని అడిగితే నెలల లెక్క మీరు చెప్పొద్దు, అది మీకూ తెలియదు, డాక్టరూ ఖచ్చితంగా చెప్పలేరు. వద్దు, ఇంక వినను అని ముఖం తిప్పుకుంటే అక్కడితో ఆపేయండి. తెలుసుకోవడం ఎంత ఆమె హక్కో, వద్దనుకోవడం కూడా అంతే ఆమె హక్కు. “ఏం కాదులే” అన్న మాట ఒక్కటి మాత్రం నోట్లోంచి రానివ్వకండి. ఆ మాట వినగానే మనిషి నోరు మూసుకుంటుంది. మీకు ఏడుపొస్తే ఏడవండి. ఆమె ముందు ఏడిస్తే ఆమె కుంగిపోతుందని మీ అమ్మగారు అనొచ్చు. నేను చూసినంతలో, మొగుడి కళ్లలో నీళ్లు చూసి ఆడమనిషి కుంగిపోదు, తన బాధ పంచుకునేవాళ్లు ఉన్నారని ఊరట పడుతుంది.

దానికి ముందు రోజు డాక్టర్‌ను కలిసి ఒక మాట చెప్పండి: ఇకనుంచి ఏ విషయమైనా ఇద్దరికీ కలిపి చెప్పమని. అప్పుడు కొన్ని ప్రశ్నలు కూడా అడగండి, కాగితం మీద రాసుకుని వెళ్లండి. తనది ఒంట్లోని హార్మోన్ల వల్ల పెరిగే రకమా (హార్మోన్ రిసెప్టార్ పాజిటివ్ అంటారు), హెచ్‌ఈఆర్‌2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకమా (హెచ్‌ఈఆర్‌2 పాజిటివ్)? ఇప్పుడిచ్చే మందు దేనికోసం, పనిచేస్తోందో లేదో ఎప్పుడు తెలుస్తుంది, చేయకపోతే తర్వాత ఏమిటి? ఎముకలకూ లివర్‌కూ పాకినా, రకాన్ని బట్టి కొందరు మందులతో ఏళ్ల తరబడి గడుపుతున్నారు. మీ భార్య అందులో ఒకరవుతుందని నేను మాటివ్వలేను. కానీ నాలుగో దశ అనగానే రేపో మాపో అన్నట్టు ఇల్లంతా గుసగుసలాడుకోవడం కూడా సరికాదు. ఖరీదైన మందు రాస్తే మన కంపెనీల జనరిక్ ఉందా అని తప్పకుండా అడగండి. హార్మోన్ రకం రొమ్ము క్యాన్సర్‌కు వాడే పాల్బోసిక్లిబ్ అనే మందుకు 2023 జనవరిలో పేటెంట్ ముగిశాక మన కంపెనీల మాత్రలు చాలా తక్కువ ధరకు వచ్చాయి.

ఇంకో సంగతి, మీరు మేనమామ కూతుర్ని చేసుకున్నారు కాబట్టి చెప్తున్నాను. ఇంత చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వస్తే బీఆర్‌సీఏ అనే జన్యువుల పరీక్ష గురించి డాక్టర్లు మాట్లాడతారు. ఆ జన్యువుల్లో లోపం ఉంటే అది తండ్రి వైపు నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. అంటే ఆమె అక్కచెల్లెళ్లకే కాదు, మీ అమ్మగారికీ దానితో సంబంధం ఉండొచ్చు. పాపకి ఇప్పుడేమీ చేయించక్కర్లేదు, పెద్దయ్యాక చూసుకోవచ్చు. ఈ పరీక్ష ఇంతవరకు చేయించకపోతే అడగండి.

ఇక మార్ఫిన్. ఇక్కడ నాకు కోపమొస్తోంది, మీ అత్తగారి మీద కాదు, ఆ భయం మీద. మా ఆయనకు ఆఖరి నెలల్లో నొప్పి ఎంతుండేదంటే దిండు నోట్లో కుక్కుకునేవారు. మేం వెళ్లిన ఆసుపత్రిలో మార్ఫిన్ ఇవ్వలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద దానికి లైసెన్సులు తెచ్చుకోవడమే పెద్ద తతంగంగా ఉండేది, చాలా ఆసుపత్రులు ఆ జోలికే పోయేవి కావు. 2014లో చట్టం మార్చి దాన్ని సులువు చేశారు. మా ఆయనకు అందని మందు మీ ఇంటి గుమ్మం దాకా వచ్చింది. దాన్ని వెనక్కి పంపకండి.

అది ఆఖరి మందు కాదు, గట్టి నొప్పికి ఇచ్చే మందు. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పిన లెక్కలో వాడితే ఆయుష్షు తగ్గించదు. చాలాకాలం వాడితే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది, అందుకే ఉన్నట్టుండి ఆపకూడదు, కానీ అది మత్తుకు బానిస కావడం కాదు. మొదట్లో కొద్ది రోజులు మగతగా, వికారంగా ఉండొచ్చు, అవి సర్దుకుంటాయి. మలబద్ధకం మాత్రం సర్దుకోదు, కాబట్టి మొదటి రోజునుంచే దానికి మందు రాయించుకోండి. నొప్పి వచ్చాక వేసుకుందాంలే అనుకోకుండా గడియారం చూసి వేయాలి. మామూలు మాత్రయితే సాధారణంగా నాలుగు గంటలకోసారి ఇస్తారు. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేయడానికి అదనపు డోసు ఎంతో అడిగి రాసుకోండి. లివర్ సంగతి ఉంది కాబట్టి డోసు డాక్టరే చెప్పాలి, మీరు పెంచొద్దు, తగ్గించొద్దు. మందు పాపకి అందకుండా తాళం వేసిన చోట పెట్టండి. ఎముక నొప్పికి ఆ ఎముక మీద రేడియేషన్ ఇచ్చినా బాగా ఉపశమనం ఉంటుంది, చాలామందికి ఒక్క సిట్టింగ్ సరిపోతుంది. అదీ అడగండి.

రెండు విషయాల్లో మాత్రం తెల్లారనివ్వకండి. కీమో నడుస్తుండగా జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, ఇంట్లో మాత్ర వేసి చూద్దాం అనుకోకుండా అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నడుం నొప్పి ఉన్నట్టుండి ఎక్కువై, కాళ్లు బలహీనమైనా, మొద్దుబారినా, మూత్రం రాకపోయినా అది వెన్నుపాము మీద ఒత్తిడి కావొచ్చు. కొన్ని గంటల ఆలస్యంతో నడక పోయే ప్రమాదం ఉంది.

నొప్పి చూసుకోవడానికీ, మనసు చూసుకోవడానికీ ప్రత్యేకంగా ఒక వైద్యం ఉంది, పాలియేటివ్ కేర్ అంటారు. ఆ పేరు వినగానే చేతులెత్తేశారని మనవాళ్లు అనుకుంటారు. కాదు. కీమోతో పాటే ఇదీ నడుస్తుంది. 2010లో అమెరికాలో బోస్టన్ డాక్టర్లు ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లలో కొందరికి మామూలు వైద్యంతో పాటు మొదటినుంచే పాలియేటివ్ కేర్ ఇచ్చి చూశారు. వాళ్లు మిగతావాళ్లకన్నా కుంగుబాటు తక్కువగా, రోజులు హాయిగా గడిపారు. సగటున రెండున్నర నెలలకు పైగా ఎక్కువ బతికారు కూడా. హైదరాబాద్‌లో దీనికి ఎక్కడికి వెళ్లాలా అని తికమకపడక్కర్లేదు. రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం చాలా ఏళ్లుగా ఉంది. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా చూస్తుంది. ఊరికి వెళ్లిపోతే, తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు పెట్టారు, ‘ఆలన’ పేరుతో ఇంటికే వచ్చి చూసే ఏర్పాటు ఉంది. ఖమ్మంలో విచారించండి. మీ అత్తగారితో మాట్లాడడానికి అక్కడి కౌన్సెలర్ సాయం తీసుకోండి. ఇలాంటి తల్లుల్ని వాళ్లు రోజూ చూస్తుంటారు.

అత్తగారి మీద విసుక్కోకండి. కన్న కూతురు కళ్లముందు కరిగిపోతుంటే ఏ తల్లయినా ఏ కొమ్మ దొరికితే ఆ కొమ్మ పట్టుకుంటుంది. ఒట్టు గురించి మాత్రం ఆమెతో సూటిగా మాట్లాడండి. “అత్తా, తను నన్ను రోజూ అడుగుతోంది. అబద్ధం చెప్పి చెప్పి నావల్ల కావడం లేదు. నువ్వూ నాతో కూర్చో” అనండి. దేవుడికి మొక్కుకోనివ్వండి, విభూతి పెట్టనివ్వండి. కడుపులోకి వెళ్లే నాటు మందు మాత్రం వద్దు. అసలే లివర్‌లో జబ్బుంది, ఆ పొడుల్లో ఏముంటుందో ఎవరికీ తెలియదు. పైగా, ఆసుపత్రి మందు ఆపితేనే నా మందు పనిచేస్తుంది అని ఎవరన్నా సరే, ఆ మనిషి గడప తొక్కొద్దు. ఈ ఒక్క విషయంలో మీరు మెత్తబడకూడదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్తాను. రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ చూడండి, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు చేశారు. చికిత్సకు రైల్లో తిరగాల్సి వస్తే, ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్‌తో క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం రాయితీ. కొత్త మందు కోసం పొలమో ప్లాటో అమ్మే ముందు, దానివల్ల ఏం ఒరుగుతుందో డాక్టర్‌ను సూటిగా అడిగి, ఆ నిర్ణయంలో మీ భార్యను కూర్చోబెట్టండి. అది ఆమె పాప భవిష్యత్తు కూడా. ఆమె చెప్పాలనుకున్నవి ఇంకా చాలా ఉండొచ్చు. బంగారం ఎవరికి, పాపను ఏ బడిలో వేయాలి, పరిస్థితి విషమిస్తే వెంటిలేటర్ పెట్టాలా వద్దా. ఆఖరిది ముందుగానే కాగితం మీద రాసి పెట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. 2023లో పద్ధతి సులువు చేసింది, ఇద్దరు సాక్షుల ముందు రాసి నోటరీ చేత గానీ గెజిటెడ్ అధికారి చేత గానీ ధ్రువీకరణ చేయిస్తే చాలు. ఇవాళే అడగాలని కాదు. ఆమె ఆ మాట ఎత్తిన రోజు “అశుభం పలకకు” అని ఆపకండి.

పాపకి కూడా చెప్పాలి. అయిదేళ్ల పిల్లలు ఇంట్లో ఏదైనా చెడు జరిగితే తమవల్లే అనుకుంటారు. నాలుగు ముక్కల్లో చెప్పండి: అమ్మకి క్యాన్సర్ అనే జబ్బు వచ్చింది, నువ్వు అల్లరి చేసినందుకు రాలేదు, ముద్దు పెట్టుకుంటే నీకు అంటుకోదు, డాక్టర్లు మందులిస్తున్నారు, నిన్ను చూసుకోవడానికి నాన్న ఉన్నాడు. జబ్బు పేరు దాచొద్దు. ఒట్టి జ్వరం అని చెప్తే రేపు తనకు జ్వరమొచ్చినా హడలిపోతుంది. ముందుముందు కూడా అమ్మ నిద్రపోయింది, ఊరెళ్లింది లాంటి మాటలు వాడకండి. నిద్రంటే భయపడతారు, లేదా ఊరినుంచి వస్తుందని గుమ్మంలో కూర్చుంటారు. మా చిన్నవాడు ఏడాదిపాటు అలా కూర్చున్నాడు. స్కూల్లో క్లాస్ టీచర్‌కు కూడా చెప్పి పెట్టండి.

ఆ చాప తీసేయండి బాబూ. మీరు ఆమె మంచి కోసమే హాల్లోకి వెళ్లారు, నాకు తెలుసు. కానీ ఆపరేషన్ అయిన ఆడపిల్లకు మొగుడు వేరే పడుకుంటే ఏమనిపిస్తుందో ఒక్కసారి ఆలోచించండి. నా ఒళ్లు ఈయనకు ఇష్టం లేదు అనిపిస్తుంది, నొప్పి గురించి అని తట్టదు. నడుం కింద, మోకాళ్ల కింద దిండ్లు ఎలా పెడితే హాయిగా ఉంటుందో ఆమెనే అడిగి, మంచం మీద ఆమె చేయి పట్టుకుని పడుకోండి. ఆపైన ఏం కావాలో, ఏం వద్దో ఆమె చెప్తుంది. చాలాసార్లు చేయి చాలు. కాళ్లకు కొబ్బరినూనె రాయండి.

ఇక మీ మీద మీకు వేసిన అసహ్యం. ఇదంతా ఎప్పుడు అయిపోతుందా అని నేనూ అనుకున్నాను. ఒకరోజు తెల్లవారుజామున, నాలుగోసారి దుప్పటి మార్చి ఉతకడానికి పడేస్తూ అనుకున్నాను. అనుకుని అక్కడే బాత్రూమ్‌లో కూలబడ్డాను. అయిపోవాలని నేను కోరుకున్నది ఆయన కాదు, ఆయన పడే బాధ, నా ఒంటి అలసట. ఇది అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మీకు అన్నేళ్లు పట్టకూడదని రాస్తున్నాను. మీరు ప్రేమ తగ్గి అలా అనుకోలేదు, నిద్ర లేక అనుకున్నారు. వారానికి రెండు రాత్రులు మీ అమ్మగారినో, ఆమె అక్కచెల్లెళ్లలో ఒకరినో మెలకువగా ఉండమని అడిగి మీరు పడుకోండి. “ఏమైనా కావాలంటే చెప్పు” అనే స్నేహితులకు నిజంగానే ఒక్కో పని చెప్పండి, ఒకరికి మందుల షాపు, ఒకరికి పాపను బడి నుంచి తేవడం. మరీ గుండె బరువెక్కితే 14416కి ఫోన్ చేయండి. మనసు బాధలు వినడానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ ఫోన్ లైన్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రయినా తీస్తారు.

అన్నీ ఒక్కరోజే చేయక్కర్లేదు. రేపు మార్ఫిన్ మొదలుపెట్టండి. నొప్పితో మెలికలు తిరిగే మనిషితో ఏ మాటా మాట్లాడలేం. రెండు మూడు రోజులకు కాస్త నిద్రపట్టాక, ఒక పొద్దున జడ పాఠం అయిపోయి పాప బడికి వెళ్లిన తర్వాత లేవకండి, అక్కడే కూర్చుని అడగండి: “నాకు ఇది ఎందుకు నేర్పిస్తున్నావు?”

ఆమె ఏమందో, వీలైనప్పుడు రాయండి. జడ ఎంతవరకు వచ్చిందో కూడా రాయండి.